మా అంబాసిడర్ టూల్ కిట్: రెడీమేడ్ బాక్స్ ఎందుకు తీసేశాను, ఇప్పుడు ఏం పెట్టుకుంటున్నాను

అందరికీ నమస్తే అండి. ఇదిగో ఇదే మా బండి, 1978 మార్క్ 3 అంబాసిడర్, పెట్రోలు, 1489 సీసీ. నాన్న కొన్న బండి, ఇప్పుడు నేను నడుపుతున్నాను. పాత బండేసుకుని అంత దూరం ఎలా వెళ్తున్నారండీ, దారిలో ఆగిపోతే ఏంటి పరిస్థితి అని చాలా మంది అడుగుతున్నారు, అందుకే ఈరోజు వీడియో బండి గురించి కాదు, బండిలో పెట్టుకునే సామాను గురించి. రెండు కిట్లు చూపిస్తాను. ఒకటి నేను కొని వాడి పక్కన పడేసిన రెడీమేడ్ బాక్సు, ఇంకోటి ఒక్కో వస్తువు ఏరి నేను కట్టుకున్న మూట.

ముందు ఈ బాక్సు. 46 పీసులు, నల్ల ప్లాస్టిక్ పెట్టె, తెరిస్తే లోపల ఎంత అందంగా సర్దారో చూడండి. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే తప్పు వాళ్ళ ఒక్కరిదే కాదు, కొనేటప్పుడు నేను చూసుకోవాల్సింది చూసుకోలేదు. ఇందులో పానాలు, సాకెట్లు అన్నీ ఎమ్ఎమ్ సైజులు. మన బండి ఎమ్ఎమ్ బండి కాదండి, ఇంచుల బండి.

ఎందుకంటే అంబాసిడర్ అసలు ఇంగ్లాండ్ వాళ్ళ మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3, దాన్నే హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు కలకత్తా దగ్గర ఉత్తరపరలో 2014 దాకా చేస్తూ వచ్చారు. ఈ పెట్రోలు ఇంజిన్ కూడా ఇంగ్లాండ్ డిజైనే, బీఎమ్‌సీ, అంటే బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ళ బి సిరీస్. కాబట్టి నట్లు 7/16, 1/2, 9/16 ఇలా ఉంటాయి. తర్వాత ఇసుజు ఇంజిన్‌తో వచ్చిన అంబాసిడర్లు ఉన్నవాళ్ళకి లెక్క వేరు, ఆ ఇంజిన్ ఎమ్ఎమ్‌లోనే ఉంటది, ఫియట్ పద్మిని వాళ్ళకీ ఎమ్ఎమ్మే. సో మీది ఏ బండో చూసుకోండి ముందు.

ఇప్పుడు కెమెరా కొంచెం దగ్గరికి తెస్తున్నాను, ఈ నట్ చూడండి. ఇది డైనమో, అంటే బండిలో కరెంటు పుట్టించేది, దాని బోల్ట్ నట్టు, పాతది, గుర్తుగా దాచుకున్నాను. మూలలు కనిపిస్తున్నాయా, ఆరు మూలలు ఉండాల్సింది నాలుగు అరిగిపోయి గుండ్రంగా అయిపోయాయి. ఇది 1/2 ఇంచ్ నట్టు, అంటే 12.7 ఎమ్ఎమ్. బాక్సులో ఉన్నది 13. తేడా 0.3 ఎమ్ఎమ్మే కదా అనిపిస్తుంది, కొత్త నట్టు, గట్టి పానా అయితే తిరిగేస్తుంది కూడా. కానీ నలభై ఏళ్ళ పైబడిన నట్టు, తుప్పు పట్టి బిగుసుకుపోయింది, పైగా పానా మెత్తటి ఇనుము, గట్టిగా లాగితే పానా నోరు తెరుచుకుంది, నట్టు మూలలు కొరుక్కుపోయాయి.

ఇది ఎక్కడ జరిగిందో చెప్తాను. మే నెల, అమ్మని తీసుకుని శ్రీశైలం వెళ్తున్నాం, దోర్నాల వైపు నుంచి. దోర్నాల దాటాక దాదాపు 50 కిలోమీటర్లు నల్లమల ఘాటే, టైగర్ రిజర్వు, రాత్రి తొమ్మిదికి గేటు వేసేస్తారు, చాలా చోట్ల ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. శిఖరం ఇంకా కొంచెం దూరం ఉందనగా డాష్ మీద ఎర్ర లైటు వెలిగింది, బానెట్‌లో ఏదో తపతపమని కొట్టుకున్న చప్పుడు. ఫ్యాన్ బెల్టు తెగింది. ఈ బండిలో ఆ ఒక్క బెల్టే ఫ్యాన్‌నీ వాటర్ పంపునీ డైనమోనీ మూడింటినీ తిప్పుతుంది, అది పోతే నీళ్ళు తిరగవు, ఘాట్లో ఇంకో రెండు కిలోమీటర్లు నడిపినా హెడ్ గ్యాస్కెట్ పోతుంది. వెంటనే పక్కకి తీసి ఆపేశాను.

స్పేర్ బెల్టు నా దగ్గర ఉందండి. కొత్తది, అట్టపెట్టెతో సహా డిక్కీలో ఉంది. బెల్టు ఎక్కించాలంటే డైనమో వదులు చెయ్యాలి, పైన రెండు బోల్టులు, కింద స్లాట్ ఉన్న పట్టీకి ఒకటి. ఆ కింద బోల్టు దగ్గరే ఇందాక చెప్పింది జరిగింది. చేతిలో బెల్టు పెట్టుకుని, పక్కన అమ్మ కూర్చుని ఉంటే, చుట్టూ కోతులు చేరిపోతుంటే, టైము ఐదున్నర అవుతుంటే, ఒక నట్టు ఊడక ఆ అడవిలో నిలబడ్డాను. చివరికి ఒక జీపు ఆయన ఆగి ఆయన వైస్ గ్రిప్పు, అంటే బిగించి లాక్ చేసే ప్లేయరు, ఇచ్చారు, దాంతో కొరికి పట్టుకుని తిప్పాం. ఆయనకి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను. ఆ రోజు ఇంటికి రాగానే ఈ బాక్సు డిక్కీలోంచి తీసేశాను.

సరే, ఇప్పుడు నా మూట. ఇది టెయిలర్ దగ్గర కుట్టించింది, టార్పాలిన్ గుడ్డ, పానాకో జేబు, చుట్టేసి తాడు కడితే అయిపోయింది. ప్లాస్టిక్ బాక్సు అయితే ఘాట్ రోడ్డులో గడగడా మోగుతుంది, పైగా నేల మీద పరిస్తే ఏది ఎక్కడుందో ఒక్క చూపులో కనపడదు. ఇది పరిస్తే ఖాళీ జేబు కనపడుతుంది, అంటే ఏదో రోడ్డు మీద మర్చిపోతున్నాం అని తెలిసిపోతుంది.

పానాలు చూపిస్తున్నాను. 7/16, 1/2, 9/16, 5/8, 3/4, ఇవి రింగు ఒక వైపు, ఫోర్క్ ఒక వైపు ఉన్నవి. 1/2 మాత్రం రెండు పెట్టుకోండి, బోల్టు తల ఒకదానితో పట్టుకుని నట్టు ఇంకోదానితో తిప్పాలి కదా, ఈ బండిలో ఎక్కువ పని దీనిదే. ఎక్కడ దొరుకుతాయి అంటే, విజయవాడ ఆటోనగర్‌లో పాత హార్డ్‌వేర్ షాపుల్లో అడగండి, హైదరాబాద్ వాళ్ళు రాణీగంజ్ వెళ్ళండి, షాపులో "ఇంచు పానాలు" అని అడగండి. అర్జెంటుకి 5/8 బదులు 16, 3/4 బదులు 19 ఎమ్ఎమ్ దాదాపు సరిపోతాయి, కానీ 7/16 కి 11 ఎక్కదు, 9/16 కి 14 ఎక్కదు 15 జారుతుంది, అక్కడ రాజీ పడొద్దు.

నేను ఏం చేశానంటే ఒక ఆదివారం బానెట్ ఎత్తి, రోడ్డు మీద చెయ్యాల్సి వచ్చే పనులన్నీ ఇంటి ముందే ఒక్కసారి చేశాను. బెల్టు తీసి పెట్టాను, పైన హోసు తీసి పెట్టాను, ప్లగ్గులు, పాయింట్లు, బ్యాటరీ టర్మినల్స్, ఒక చక్రం. కేవలం ఈ మూటలో ఉన్న వాటితోనే, ఇంట్లో టూల్స్ ముట్టుకోకుండా. ఏది అవసరం పడిందో అది మూటలో ఉండిపోయింది, పడనిది బయటికి వచ్చేసింది. కిట్ తయారు చేసుకునే పద్ధతి నాకు తెలిసి ఇదొక్కటే, వీడియో ఇక్కడే ఆపేసినా పర్లేదు, ఇదొక్కటి చెయ్యండి చాలు. వైస్ గ్రిప్పు కూడా అలాగే కొన్నాను, ఒక కటింగ్ ప్లేయరు తపారియా కంపెనీది, పెద్ద స్క్రూ డ్రైవర్ ఒకటి చిన్నది ఒకటి, ప్లగ్ స్పానరు.

ఇప్పుడు కరెంటు వైపు. పాత పెట్రోలు బండి దారిలో ఆగిందంటే నా అనుభవంలో సగం పైగా తేడా డిస్ట్రిబ్యూటర్ దగ్గరే ఉంటుంది, అంటే ప్లగ్గులకి వరసగా కరెంటు పంచే భాగం. ఈ చిన్న డబ్బా చూడండి, మందుల షాపు డబ్బా, ఇందులో ఒక సెట్ పాయింట్లు, అంటే కరెంటుని కలుపుతూ విడదీస్తూ ఉండేవి, ఆ పాయింట్ల మధ్య మంట రాకుండా చూసే ఒక కండెన్సరు, లోపల తిరిగే ఒక రోటరు. ఈ కండెన్సర్ వేలెడంత కూడా లేదు, ఇది పోతే మాత్రం బండి వేడెక్కాక దగ్గుతూ దగ్గుతూ ఆగిపోతుంది, చల్లారాక మళ్ళీ స్టార్ట్ అయి ఐదు కిలోమీటర్లు వెళ్ళి మళ్ళీ ఆగుతుంది, మనమేమో పెట్రోలు రావట్లేదనుకుని కార్బురేటర్ విప్పుకుంటూ కూర్చుంటాం. క్యాప్ తీసి చీకట్లో ఇంకొకరిని స్టార్టర్ కొట్టమనండి, పాయింట్ల మధ్య పెద్ద తెల్లటి మంట లాంటి స్పార్కు వస్తుంటే కండెన్సర్ మీద అనుమానం పెట్టుకోండి.

మార్చేటప్పుడు ఒక జాగ్రత్త. దాన్ని పట్టుకునే స్క్రూ ఇదిగో, బియ్యపు గింజ కన్నా కొంచెం పెద్దది. ఇది జారి డిస్ట్రిబ్యూటర్ లోపలికి పోయిందంటే అదంతా ఊడదీయాలి. స్క్రూ డ్రైవర్ మొనకి కొంచెం గ్రీజు రాస్తే స్క్రూ దానికే అంటుకుని ఉంటుంది, చూడండి, తలకిందులు చేసినా పడట్లేదు. కింద ఒక తెల్ల గుడ్డ కూడా పరవండి. నా మూటలో అందుకే గ్రీజు చిన్న డబ్బాలో ఉంది, తెల్ల గుడ్డ ఉంది.

ఫీలర్ గేజ్, అంటే సన్న రేకులతో సందు కొలిచేది, తప్పనిసరి. పాయింట్ గ్యాప్ 15 థౌ, థౌ అంటే ఇంచిలో వెయ్యో వంతు, అంటే సుమారు 0.38 ఎమ్ఎమ్, ప్లగ్ గ్యాప్ 25 థౌ. అంచనాగా పెట్టేవాళ్ళు ఉన్నారు, అంత అనుభవం ఉన్న చేతులకి దణ్ణం, మనకి మాత్రం గేజ్ కావాలి.

ఫ్యూజులు, ఈ బండికి ఉన్నవే రెండు, గాజువి, 35 ఆంప్స్. నాలుగు స్పేర్ పెట్టుకోండి. దయచేసి సిగరెట్ పెట్టెలో వెండి కాయితం చుట్టి పెట్టడాలు చెయ్యొద్దు, ఫ్యూజు కాలాల్సిన చోట వైరింగ్ కాలుతుంది, అంత పాత వైర్ల మీద గుడ్డ తొడుగు ఒక్కసారి అంటుకుంటే ఆగదు. అందుకే ఇది కూడా కొన్నాను, మంటలు ఆర్పే కిలో డ్రై పౌడర్ సిలిండరు. దీన్ని డిక్కీలో పెట్టొద్దండి, డ్రైవర్ సీటు దగ్గరే, చెయ్యి చాపితే అందాలి.

వేసవికి ఒక తువ్వాలు, ఐదు లీటర్ల నీళ్ళ క్యాను. తువ్వాలు ఎందుకంటే ఎండల్లో ట్రాఫిక్‌లో ఆగి ఆగి వెళ్తే పెట్రోలు పంపు వేడెక్కి లోపల పెట్రోలు ఆవిరైపోతుంది, బండి ఆగుతుంది. తడి తువ్వాలు పంపు మీద వేసి పది నిమిషాలు ఆగితే చల్లారి లాగుతుంది. నీళ్ళు రేడియేటర్‌కి కూడా, కానీ వేడి మీద క్యాప్ ముట్టుకోవద్దు, అరగంట పట్టినా ఆగండి. హోసు చీలితే ఈ సైకిల్ ట్యూబ్ ముక్క, సాగదీసి గట్టిగా నాలుగైదు చుట్లు చుట్టి రెండు క్లిప్పులు బిగించి, రేడియేటర్ క్యాప్ కొంచెం వదులుగా పెట్టి మెల్లగా పక్క ఊరు చేరొచ్చు. లీటరు ఇంజిన్ ఆయిలు, చిన్న బ్రేక్ ఆయిలు సీసా, ఇన్సులేషన్ టేపు, బైండింగ్ వైరు, వీటి గురించి కొత్తగా చెప్పేదేం లేదు.

జాకీతో పాటు ఈ చెక్క ముక్క చూడండి, అడుగు ఇంటూ అడుగు, మందంగా. రోడ్డు పక్క మట్టిలో జాకీ దిగిపోతుంది, అది లేకుండా చక్రం మార్చడం కష్టం. చక్రాల కింద పెట్టడానికి రెండు చెక్క చీలికలు. టార్చి చేతిలో పట్టుకునేది కాకుండా తలకి కట్టుకునేది, రెండు చేతులూ పనికి కావాలి.

ఇక హ్యాండిలు. బ్యాటరీ పడుకున్నప్పుడు ముందు నుంచి పెట్టి తిప్పేది, పిల్లలు ఇది చూసి ఆశ్చర్యపోతారు. పట్టుకునే పద్ధతి చూడండి, బొటనవేలు చుట్టూ తిప్పి పట్టుకోకూడదు, మిగతా నాలుగు వేళ్ళ పక్కనే ఉండాలి, కింద నుంచి పైకి లాగాలి తప్ప పై నుంచి కిందికి తొయ్యకూడదు. ఇంజిన్ వెనక్కి తన్నిందంటే బొటనవేలు చుట్టి ఉన్న చెయ్యి విరుగుతుంది. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో, హ్యాండ్ బ్రేక్ వేశారో లేదో రెండుసార్లు చూసుకోండి.

చివరిది ఈ మూటలో పై జేబులో ఉంది, ఇది కొన్నది కాదు. నాన్న చేత్తో రాసిన చీటీ, ఆయిలు మరకలు పడి అంచులు నలిగిపోతే లామినేషన్ చేయించాను. పాయింట్ 15, ప్లగ్ 25, ఫైరింగ్, అంటే సిలిండర్లు మండే వరస, 1-3-4-2, కింద ఒక బాణం గుర్తు వేసి "రోటరు ఎడమకి తిరుగును" అని రాశారు. ప్లగ్ వైర్లు నాలుగూ ఒకేసారి పీకేశాక ఏది ఎక్కడిదో రోడ్డు మీద కంగారులో గుర్తురాదు, ఆ రోజు శ్రీశైలం ఘాట్లో కూడా ఇది బానెట్ లోపల అతికించే ఉంది, నేను చూసుకోలేదు. ఇప్పుడు దీన్ని చదవకుండా బానెట్ మీద చెయ్యి వెయ్యను. కెమెరా దగ్గరికి పెడుతున్నాను, పాజ్ చేసి మీ 1489 బండికి రాసి పెట్టుకోండి.