ట్రిపోలీ నుంచి అలమీన్ దాకా: ఆఫ్రికా కోర్ పెట్రోలు లెక్క

మిత్రులారా, ఆఫ్రికా కోర్ అంటే రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికాలో బ్రిటిష్ వాళ్లతో పోరాడిన జర్మన్ సేన. ఆ పేరు అనగానే అందరూ దాని సేనాని రోమెల్ ఎత్తుగడల గురించే అడుగుతారు. నన్నడిగితే ముందు చూడాల్సింది ఆ కోర్ వెనకాల ఉన్న రోడ్డును.

1941 ఫిబ్రవరి 12న రోమెల్ లిబియాలోని ట్రిపోలీ రేవులో దిగాడు. అక్కడి నుంచి అదే దేశంలోని బెంగాజీకి సుమారు 1,000 కిలోమీటర్లు, ఈజిప్టులోని ఎల్ అలమీన్‌కు 2,000 పైమాటే. ట్రిపోలీని యుద్ధరేఖతో కలిపే రైలు మార్గం లేదు. తీరం వెంట ఒక్క రోడ్డు, దాని మీద లారీలు. పెట్రోలు మోసే లారీ కూడా పెట్రోలుతోనే నడవాలి కదా! సైన్యం ముందుకు సాగే కొద్దీ, రేవులో దిగిన దాంట్లో ట్యాంకుల దాకా వచ్చేది తగ్గిపోయేది.

కోర్ వాడిన జర్మన్ ట్యాంకు పాంజర్-3లో 320 లీటర్ల పెట్రోలు పడుతుంది. రోడ్డు మీద 150 కిలోమీటర్లకు కాస్త పైన నడుస్తుంది, ఎడారి నేల మీద 100 కూడా కష్టమే. ఒక్కసారి నింపడానికి 20 లీటర్ల డబ్బాలు 16 కావాలి. ఆ డబ్బాకు పైన మూడు పిడులు. నిండుదాన్ని ఇద్దరు చెరో పక్క పట్టుకోవచ్చు, ఖాళీవైతే ఒకే చేత్తో రెండు మోయొచ్చు. మూత నొక్కి బిగించడమే, మర తిప్పే పని లేదు. నీళ్ల డబ్బా పెట్రోలు డబ్బాతో కలిసిపోకుండా దాని మీద తెల్ల సిలువ గుర్తు వేసేవారు. బ్రిటిష్ వాళ్ల పల్చటి రేకు డబ్బాలు లారీ కుదుపులకే కారిపోయేవి.

ఇక ధూళి. ఫిల్టరు దాటి సిలిండర్లోకి చేరితే పిస్టన్ రింగులు అరుగుతాయి, ఆయిలు మండిపోతుంది, ఇంజన్ బలం తగ్గుతుంది. చెడిన ట్యాంకులను 18 టన్నుల హాఫ్‌ట్రాక్‌లతో (ముందు చక్రాలు, వెనక ట్యాంకులా గొలుసు పట్టాలు ఉండే బండ్లతో) లాక్కొచ్చి బాగుచేసేవారు. పోరు జరిగిన మైదానం తమ చేతిలో మిగిలితేనే అది కుదిరేది.

1942 జూన్ 21న బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉన్న లిబియా రేవు టోబ్రుక్ రోమెల్‌కు చిక్కింది, నిల్వలూ దొరికాయి. అయినా జూలై 1న ఈజిప్టులోని దెయిర్ ఎల్ షైన్ దగ్గరికి వచ్చేసరికి కోర్‌లో మిగిలిన ట్యాంకులు 55. ఎదురుగా బ్రిటిష్ పక్షాన ఇరాక్ నుంచి హడావిడిగా వచ్చిన 18వ భారత బ్రిగేడ్: ఎసెక్స్, సిక్కు, గూర్ఖా బెటాలియన్లు. నేల రాయి, కందకాలు లోతుగా తెగలేదు, మందుపాతరల వరుస పూర్తికాలేదు. సాయంత్రానికి బ్రిగేడ్ ఛిన్నాభిన్నమైంది. కానీ జర్మన్లు 18 ట్యాంకులు పోగొట్టుకున్నారు, దాంతోపాటు ఒక రోజంతా. అలమీన్ దగ్గర కుదురుకోవడానికి బ్రిటిష్ వాళ్లకు ఆ రోజే కావాల్సింది. పెట్రోలు కరువు తనంతట తానే ఏ సైన్యాన్నీ ఆపదు. ఎదుట ఎవరైనా నిలబడి కాలయాపన చేయిస్తేనే అది కాటేస్తుంది. మన పాఠాల్లో ఈ బ్రిగేడ్ పేరు ఉండి తీరాలి.

ఆగస్టు 30 రాత్రి అలమీన్ దగ్గరి అలమ్ హల్ఫా గుట్ట వైపు, ఈజిప్టులో కోర్ చివరి దూకుడు. మందుపాతరలు అనుకున్నదానికన్నా దట్టం. వాటిని తొలగిస్తూ ఆగిన చోటే విమానాలు వచ్చి పడ్డాయి. కోర్ కమాండర్ నేరింగ్ గాయపడ్డాడు, 21వ పాంజర్ డివిజన్ అధిపతి బిస్మార్క్ చనిపోయాడు. మెత్తటి ఇసుకలో ట్యాంకులు పెట్రోలు ఇంకా ఎక్కువ తాగాయి. ఇటలీ నుంచి రావాల్సిన చమురు నౌకలేమో దారిలోనే మునిగాయి. సెప్టెంబరు మొదటి వారంలోనే వెనక్కి తగ్గారు. నవంబరు 4న అలమీన్‌లో కోర్ కమాండర్ ఫన్ టోమా పట్టుబడ్డాడు. 1943 మే 12న ట్యునీషియాలో కోర్ చివరి కమాండర్ క్రామర్ లొంగిపోయాడు.