ప్రయోగశాలలో డేటా నడిచే దారుల పటం

సభకు నమస్కారం.

మీ పరిశోధన డేటాను ఎలా నిర్వహిస్తున్నారని ఏ ప్రయోగశాలలో అడిగినా సాధారణంగా రెండు సమాధానాలు వస్తాయి. ఒకటి, నిధుల కోసం దరఖాస్తు చేసినప్పుడు సమర్పించిన డేటా నిర్వహణ ప్రణాళిక. రెండోది, ‘అంతా సర్వర్‌లోనే ఉంది’ అన్న మాట. ఈ రెండూ అబద్ధం కాకపోవచ్చు. కానీ పరికరం నుంచి వెలువడిన ఒక కొలత, ప్రచురిత పత్రంలో గ్రాఫుగా మారేలోపు ఎవరెవరి చేతులు మారిందో, ఏ కంప్యూటర్లలో ఆగిందో, ఎక్కడ రూపం మార్చుకుందో వాటి వల్ల తెలియదు. నేను ఈరోజు మాట్లాడదలచిన పటం ఆ సంగతిని చూపడానికి ఉద్దేశించినది. నియమావళి ప్రకారం జరగవలసిన పనికి అందులో చోటు లేదు; నిజంగా జరుగుతున్న పనినే గీయాలి.

పటాన్ని పరికరం దగ్గర మొదలుపెట్టాలని చాలామందికి అనిపిస్తుంది. చివరి నుంచి వెనక్కి రావడమే మేలని నా అభిప్రాయం. ఇటీవల ప్రచురించిన పత్రంలోని ఒక గ్రాఫును ముందు పెట్టుకుని, దీన్ని గీసిన ఫైలు ఏది, ఆ ఫైలుకు ఆధారమైన పట్టిక ఏది, ఆ పట్టికను తయారుచేసిన ప్రోగ్రాము ఏ వెర్షన్, దానికి అందించిన ముడి డేటా ఎక్కడుంది అని ఒక్కో మెట్టూ దిగుతూ పోవాలి. మొదటి నుంచి చెప్పమంటే అందరూ పద్ధతిని వర్ణిస్తారు. వెనక్కి రమ్మంటే ఫైలు తెరిచి చూపించక తప్పదు. వెతుకులాట ఆగిపోయిన ప్రతిచోటా పటంలో గీత తెగుతుంది. పని మొత్తంలో అన్నిటికంటే విలువైనవి ఆ తెగిన గీతలే.

అవి ఎక్కువగా కనిపించేది డేటా చేతులు మారే చోట. సూక్ష్మదర్శినికి జతచేసిన కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ పాతదైతే, భద్రత దృష్ట్యా దాన్ని నెట్‌వర్క్‌కు కలపరు. అప్పుడు పెన్‌డ్రైవ్ రంగంలోకి వస్తుంది. ఏ ప్రణాళికలోనూ దాని ప్రస్తావన ఉండదు. నెట్‌వర్క్ లేని కంప్యూటర్ గడియారం మెల్లగా తప్పుతుంది కనుక, ఫైలు మీది సమయానికీ ల్యాబ్ నోట్‌బుక్‌లో రాసిన సమయానికీ పొంతన కుదరదు. తయారీదారు ఫార్మాట్‌లో ఉన్న 16 బిట్ల చిత్రాన్ని చూసుకోవడానికి సులువని జేపెగ్‌గా మారిస్తే, 8 బిట్లకు కుదించుకుపోయి వెలుగులోని సూక్ష్మ తేడాలు పోవడమే కాక, పిక్సెల్ పరిమాణం, ఎక్స్‌పోజర్ వంటి వివరాలు కూడా తరచూ అక్కడే జారిపోతాయి.

స్ప్రెడ్‌షీటును పటంలో కేవలం నిల్వ చేసే చోటుగా చూపడం పొరపాటు, ఎందుకంటే అది డేటాను మార్చగలదు. మార్చ్1, సెప్ట్2 అనే జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తూ వచ్చింది. జన్యువుల జాబితాలను ఎక్సెల్ ఫైళ్లుగా జతచేసిన పత్రాల్లో దాదాపు ఐదింట ఒక వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో ప్రచురితమైన ఒక పరిశీలన తేల్చింది. చివరికి మానవ జన్యువులకు పేర్లు పెట్టే సంఘమే దిగివచ్చి వాటిని మార్చ్ఎఫ్1, సెప్టిన్2గా మార్చింది. ఆ విషయాన్ని 2020 నాటి తన మార్గదర్శకాల్లో ప్రస్తావించింది. అందుకే పటంలో ప్రతి గీత పక్కనా ‘ఇక్కడ ఏం మారుతుంది, మారలేదని ఎలా తెలుస్తుంది’ అన్న ప్రశ్నకు జవాబు రాయాలి. ఫైళ్ల నకలు తీసిన చోట చెక్‌సమ్‌ను, అంటే ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే గుర్తింపు సంఖ్యను, సరిపోల్చడం ఆ జవాబు కావచ్చు.

బ్యాకప్ గురించి ఒక్క మాట. 2021 డిసెంబరులో క్యోటో విశ్వవిద్యాలయపు సూపర్‌కంప్యూటర్‌లో, పాత లాగ్ ఫైళ్లను (కంప్యూటర్ తన పనులను నమోదు చేసుకునే ఫైళ్లను) తొలగించవలసిన బ్యాకప్ స్క్రిప్టు లోపం వల్ల సుమారు 77 టెరాబైట్ల డేటా చెరిగిపోయింది. డేటాను కాపాడవలసిన ఏర్పాటుకు దాన్ని చెరిపే అధికారం కూడా ఉంటుందన్నమాట. కాబట్టి నకళ్లు ఎన్ని ఉన్నాయో రాస్తే చాలదు. ఏ నకలు దేని మీద ఆధారపడిందో, ఏ ప్రోగ్రాము దేన్ని చెరపగలదో కూడా గీయాలి.

ఇక మనుషుల సంగతి. 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో 516 పత్రాల రచయితలను డేటా అడిగి చూస్తే, పత్రం వయసు ఒక్కో ఏడాది పెరిగేకొద్దీ డేటా మిగిలి ఉండే సంభావ్యతా నిష్పత్తి (మిగిలి ఉండే అవకాశానికీ ఉండని అవకాశానికీ మధ్య నిష్పత్తి) 17 శాతం చొప్పున తగ్గింది. పనిచేయని ఈమెయిలు చిరునామాలు, చదవడానికి సాధనం లేని పాత డిస్కులు అందులో తరచూ ఎదురయ్యాయి. కనుక ప్రతి గీత మీదా బాధ్యుల పేరు ఉండాలి. ప్రయోగశాల విడిచి వెళ్లేవారు పటాన్ని ముందుంచుకుని, తమ పేరున్న గీతలన్నిటినీ మరొకరికి అప్పగించాలి. తీసుకునేవారు లేకపోతే ఆ డేటాను వర్ణనతో సహా జెనోడో వంటి ఆన్‌లైన్ పరిశోధన భాండాగారంలో, బహిరంగపరచకూడనిదైతే పరిమిత ప్రవేశంతో చేర్చి, దాని డీవోఐ సంఖ్యను, అంటే ఆ డేటాకు కేటాయించే శాశ్వత గుర్తింపును, ఆ పేరు ఉన్నచోట రాయాలి.