రోగి మొహమాటం, పరిశోధకురాలి బాధ్యత

శ్రోతలకు నమస్కారం.

రోజూ మందులిచ్చి, గాయానికి కట్టు మార్చే నర్సు ఒక సాయంత్రం రోగి మంచం పక్కన కూర్చుని, "పరిశోధన కోసం మీ జబ్బు గురించి కాసేపు మాట్లాడతారా? రికార్డు చేసుకుంటాను" అని అడిగిందనుకుందాం. "వద్దమ్మా" అన్న మాట ఆ రోగి నోట అంత తేలికగా వస్తుందా? కాదంటే రేపటి నుంచి తనను సరిగా చూడరేమోనన్న భయం ఉండవచ్చు. అంతకంటే ఎక్కువగా, ఇన్నాళ్లు సేవ చేసిన మనిషిని నొప్పించడమెలా అన్న మొహమాటం ఉంటుంది. రోగుల మాటల ఆధారంగా సాగే గుణాత్మక పరిశోధనలో అన్నిటికంటే కష్టమైన నైతిక సమస్య ఈ మొహమాటమేనని నా అభిప్రాయం.

ఇటువంటి పరిశోధన అవసరం లేదని కాదు. జ్వరం ఎంత తగ్గిందో, గాయం ఎన్నాళ్లకు మానిందో అంకెలు చెబుతాయి గాని, నొప్పితో మెలకువగా ఉన్న మనిషి నర్సును పిలవడానికి ఎందుకు వెనుకాడాడో చెప్పలేవు. బార్నీ గ్లేజర్, ఆన్సెల్మ్ స్ట్రాస్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 1960లలో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు ఆసుపత్రులలో మరణానికి చేరువైన రోగులను, వారి చుట్టూ ఉన్నవారిని ఓపికగా గమనించారు. చావు దగ్గరపడిందని రోగికీ, సిబ్బందికీ తెలిసి కూడా ఇరువైపులా తెలియనట్లే నడుచుకునే స్థితి ఒకటి ఉంటుందని 1965లో వివరించారు. వార్డులో నిలబడి చూడకపోతే ఆ సంగతి బయటపడేది కాదు.

అయితే నమ్మకం ఎంత దూరం తీసుకుపోగలదో తెలిపే చేదు ఉదాహరణ కూడా అమెరికాలోనే ఉంది. టస్కీగీలో 1932 నుంచి 1972 వరకు సిఫిలిస్ అనే సుఖవ్యాధిపై సాగిన అధ్యయనంలో వందలాది నల్లజాతి పురుషులకు అసలు విషయం చెప్పలేదు. పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఆ చికిత్స అందించలేదు. అన్నేళ్లపాటు వారిని ఆ అధ్యయనానికి కలిపి ఉంచినది యూనిస్ రివర్స్ అనే నర్సు మీద వారికున్న నమ్మకం. అది వైద్య ప్రయోగమే గాని ఇంటర్వ్యూల పరిశోధన కాదు. అయినా నర్సుల విషయంలో నాకు ముందు గుర్తుకు వచ్చేది అదే. ఆ దారుణం బయటపడిన తరువాత వెలువడిన 1979 నాటి బెల్మాంట్ నివేదిక, మనుషులపై జరిపే పరిశోధనలకు వ్యక్తి పట్ల గౌరవం, మేలు చేయడం, న్యాయం అనే మూడు సూత్రాలను నిర్దేశించింది.

గౌరవమంటే సంతకం తీసుకోవడంతో ముగిసేది కాదు. మాటలు ఎటు మళ్లుతాయో మొదలుపెట్టినప్పుడు ఎవరికీ తెలియదు. చికిత్స గురించి మొదలైన సంభాషణ పోయిన బిడ్డ దగ్గరకో, దాచుకున్న అప్పుల దగ్గరకో చేరవచ్చు. అందుకే మధ్యమధ్య ఆగి, "ఇది కూడా రాసుకోవచ్చా?" అని మళ్లీ అడగాలి. వీలైనంతవరకు, రోగికి సేవ చేస్తున్న నర్సు కాక వేరొకరు అనుమతి అడగడం మేలు.

పేరు తీసేస్తే గోప్యత దక్కిందనుకోవడమూ పొరపాటే. అరుదైన జబ్బు, వయసు, వృత్తి, ఒక ఊతపదం, ఈ నాలుగూ ఒకచోట చేరితే అదే వార్డులో పనిచేసేవారు మనిషిని ఇట్టే గుర్తుపడతారు.

మరి రోగి మాటల్లో, రాత్రిపూట తనకు నొప్పి మందు అందడం లేదని తెలిస్తే? పరిశోధకురాలిగా విని ఊరుకోవడం నర్సుకు తగదు. వెంటనే బాధ్యులకు చెప్పవలసిందే. అలా చెప్పవలసి రావచ్చునన్న మాట, గోప్యతకు ఉన్న ఆ హద్దు, రికార్డింగు మొదలుకాకముందే రోగికి అర్థమయ్యే మాటల్లో చెప్పి ఉండాలి.