చెట్టు వదిలే ఆక్సిజన్ ఎక్కడిది?

[తెరపై: నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాసిన సమీకరణం. ఎడమవైపు 6 కార్బన్ డయాక్సైడ్, 6 నీరు. కుడివైపు 1 గ్లూకోజ్, 6 ఆక్సిజన్.]

నమస్తే. ఈ సమీకరణం మనందరం స్కూల్లో బట్టీ పట్టిందే. కిరణజన్య సంయోగక్రియ. పరీక్షలో రాసేశాం, మార్కులు వచ్చాయి, మర్చిపోయాం.

ఇప్పుడు ఒక్క ప్రశ్న. కుడివైపు కనిపిస్తున్న ఆక్సిజన్ దేంట్లోంచి వచ్చింది? కార్బన్ డయాక్సైడ్‌లోంచా, నీళ్లలోంచా? ఆక్సిజన్ రెండింట్లోనూ ఉంది మరి. వీడియో ఆపి ఆలోచించుకోండి, పర్లేదు.

చాలామంది కార్బన్ డయాక్సైడ్ అనే చెబుతారు. ఆకు కార్బన్‌ని ఉంచేసుకుని ఆక్సిజన్‌ని బయటికి వదిలేస్తుందని. 1930ల దాకా శాస్త్రవేత్తల్లోనూ ఎక్కువమంది నమ్మింది ఇదే. అది తప్పని అనుమానం పుట్టించినవి మాత్రం అసలు ఆక్సిజనే వదలని బ్యాక్టీరియా.

[తెరపై: మైక్రోస్కోప్ కింద ఊదారంగు బ్యాక్టీరియా. ఒక్కో కణంలో మెరిసే బొట్లు.]

వీటిని ఊదా గంధక బ్యాక్టీరియా అంటారు. గాలి తగలని బురదలో, కుళ్లిన గుడ్డు కంపు కొట్టే నీళ్లలో పెరుగుతాయి. ఆ కంపు హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. మనకు విషం, వీటికి అదే ఆధారం. కణం లోపల గుండ్రంగా మెరుస్తున్నాయి చూడండి, అవి గంధకం బొట్లు. ఈ బ్యాక్టీరియా కూడా వెలుతురుతోనే బతుకుతాయి, కార్బన్ డయాక్సైడ్‌తోనే చక్కెరలు చేసుకుంటాయి. చివర్లో ఆక్సిజన్ బదులు గంధకం మిగులుతుంది, అంతే తేడా.

కార్నెలిస్ వాన్ నీల్ అనే డచ్ శాస్త్రవేత్త 1930ల మొదట్లో ఈ రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టి చూశారు. బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌లోంచి హైడ్రోజన్ తీసుకుంటే గంధకం మిగిలింది. అలాంటప్పుడు మొక్క నీళ్లలోంచి హైడ్రోజన్ తీసుకుంటే మిగలాల్సింది ఏమిటి? ఆక్సిజన్! అంటే మనం పీల్చేది నీళ్లు విరిగితే మిగిలిన చెత్త అన్నమాట.

ఊహ బాగుంది, రుజువు కావాలి కదా. 1941లో శామ్యూల్ రూబెన్, మార్టిన్ కామెన్, వాళ్ల సహచరులు బరువైన ఆక్సిజన్ వాడారు. మామూలు ఆక్సిజన్ బరువు 16, దీనిది 18. నాచుకి ఇచ్చే నీళ్లలో ఈ బరువైన రకాన్ని కలిపితే, బయటికొచ్చిన ఆక్సిజన్‌లోనూ అదే కనిపించింది. కార్బన్ డయాక్సైడ్‌లో పెట్టి చూస్తే అలా రాలేదు.

[తెరపై: మళ్లీ బోర్డు. ఎడమవైపు "6 నీరు" చుట్టూ ఎర్ర గీత.]

ఇక్కడ శ్రద్ధగా వింటున్నవాళ్లకి ఒక డౌట్ రావాలి. ఆరు నీటి అణువుల్లో ఉన్నది ఆరు ఆక్సిజన్ పరమాణువులే. కుడివైపు ఆరు ఆక్సిజన్ అణువులు, అంటే పన్నెండు పరమాణువులు. అన్నీ నీళ్లలోంచే వస్తే లెక్క ఎలా కుదురుతుంది? నిజానికి పన్నెండు నీటి అణువులు విరుగుతాయి. చర్య చివర్లో ఆరు కొత్త నీటి అణువులు పుడతాయి. రెండువైపులా ఆరేసి కొట్టేసి, మిగిలినదాన్ని పుస్తకంలో వేశారు. లెక్కకి తప్పు కాదు, కానీ అసలు సంగతి ఆ కొట్టివేతలోనే పోయింది.

[తెరపై: ఆకు, ఆకులో కణం, కణంలో హరితరేణువు, దాని లోపలి పొరలు.]

సరే, నీళ్లు ఎలా విరుగుతాయి? నీటి అణువు చాలా స్థిరమైనది, ఎండలో పెట్టినంత మాత్రాన విరగదు. ఆకు కణాల్లో ఈ పని జరిగే పచ్చటి భాగం హరితరేణువు. దాని లోపలి పొరల్లో ఫోటోసిస్టమ్ 2 అనే ప్రోటీన్ల గుంపు ఉంటుంది. దాని పత్రహరితం మీద వెలుతురు పడగానే ఒక ఎలక్ట్రాన్ ఎగిరిపోతుంది. ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న ఆ పత్రహరితం ఎంత ఆత్రంగా ఉంటుందంటే, జీవప్రపంచంలో మనకు తెలిసినవాటిలో ఎలక్ట్రాన్‌ని అంత బలంగా లాగేది ఇంకోటి లేదు. ఆ లోటు తీర్చేది పక్కనే ఉన్న చిన్న గుత్తి: నాలుగు మాంగనీస్, ఒక కాల్షియం, ఐదు ఆక్సిజన్ పరమాణువులు. ఆ గుత్తి తన లోటుని నీళ్ల దగ్గర తీర్చుకుంటుంది.

1969లో పియర్ జోలియో బృందం చేసిన ప్రయోగం నాకు భలే ఇష్టం. చీకట్లో ఉంచిన హరితరేణువుల మీద చిన్న చిన్న మెరుపులు వేస్తూ పోయారు. మొదటి మెరుపుకి ఆక్సిజన్ లేదు. రెండోదానికీ దాదాపు లేదు. మూడోదానికి ఒక్కసారిగా వచ్చింది! ఆ తర్వాత ఏడుకి, పదకొండుకి. అంటే ప్రతి నాలుగు మెరుపులకి ఒకసారి. రెండు నీటి అణువుల నుంచి నాలుగు ఎలక్ట్రాన్లు లాగితేనే ఒక ఆక్సిజన్ అణువు పుడుతుంది కాబట్టి, ఆ గుత్తి ఒక్కో మెరుపుకి ఒక్కో ఎలక్ట్రాన్ పోగొట్టుకుని ఒక్కో మెట్టు ఎక్కుతుంది. మొదటిసారి మూడుకే ఎందుకొచ్చింది? చీకట్లో ఆగినప్పుడు అది అప్పటికే ఒక మెట్టు ఎక్కి కూర్చుని ఉంటుంది.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. ఎలక్ట్రాన్లు చేతులు మారుతూ వెళ్తుంటే పొరకి ఒకవైపు ప్రోటాన్లు పోగవుతాయి. ఆనకట్ట వెనక నిలిచిన నీళ్లు టర్బైన్ తిప్పినట్టు, ఆ ప్రోటాన్లు ఒక ప్రోటీన్‌ని నిజంగానే గిరగిరా తిప్పి, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువుని తయారు చేయిస్తాయి. ఎలక్ట్రాన్లకి ఫోటోసిస్టమ్ 1 అనే ఇంకో ప్రోటీన్ల గుంపు దగ్గర మరోసారి వెలుతురు తగిలి, ఎలక్ట్రాన్లని మోసుకెళ్లే అణువు ఎన్‌ఏడీపీహెచ్ తయారవుతుంది. ఒక్క ఆక్సిజన్ అణువుకి కనీసం ఎనిమిది ఫోటాన్లు, అంటే వెలుతురు కణాలు, ఖర్చు.

ఈ ఏటీపీ, ఎన్‌ఏడీపీహెచ్ పెట్టుబడిగా కార్బన్ డయాక్సైడ్‌ని చక్కెరగా మార్చేది కాల్విన్ వలయం. అందులో ముఖ్యమైన ఎంజైమ్ రుబిస్కో. మహా నిదానం, సెకనుకి నాలుగైదు అణువులు పట్టుకుంటే గొప్ప. పైగా కార్బన్ డయాక్సైడ్ అనుకుని ఆక్సిజన్‌ని పట్టుకుంటూ ఉంటుంది. ఇంత మందకొడిది కాబట్టే ఆకులు దాన్ని కుప్పలు తెప్పలుగా తయారు చేసుకుంటాయి.

[తెరపై: రెండు వేర్వేరు బ్యాక్టీరియా బొమ్మలు, ఒక్కోదానిలో ఒక్కో ఫోటోసిస్టమ్. తర్వాత రెండూ ఉన్న సయనోబ్యాక్టీరియా.]

మళ్లీ బ్యాక్టీరియా దగ్గరికి వద్దాం. ఊదా బ్యాక్టీరియాలో ఉన్నది ఫోటోసిస్టమ్ 2 లాంటిది ఒక్కటే. ఆకుపచ్చ గంధక బ్యాక్టీరియాలో 1 లాంటిది ఒక్కటే. హైడ్రోజన్ సల్ఫైడ్ నుంచి ఎలక్ట్రాన్ లాగడం తేలిక, ఒక్కటి సరిపోతుంది. నీళ్ల నుంచి లాగి ఎన్‌ఏడీపీహెచ్ దాకా చేర్చాలంటే ఒక్కసారి తగిలే వెలుతురు చాలదు. ఈ రెండు యంత్రాల్నీ వరుసగా కలిపి, మాంగనీస్ గుత్తిని తగిలించుకున్నవి సయనోబ్యాక్టీరియా. గంధకం దొరికే బురద గుంటలు ఎక్కడో కొన్నే ఉంటాయి, నీళ్లు దాదాపు అంతటా ఉన్నాయి. దాంతో వీటికి హద్దు లేకుండా పోయింది. సుమారు 240 కోట్ల సంవత్సరాల కిందట భూమి గాలిలో ఆక్సిజన్ నిలవడం మొదలైంది వీటి వల్లే.

మరి మొక్కలు? అవి ఈ విద్యని సొంతంగా కనిపెట్టలేదు. ఎప్పుడో ఒక పెద్ద కణం ఒక సయనోబ్యాక్టీరియాని మింగింది, అరిగించుకోలేదు. దాని వంశమే నేటి హరితరేణువు. అందుకే దానికి సొంత డీఎన్‌ఏ ఉంది, ప్రోటీన్లు తయారు చేసే రైబోజోములు కూడా బ్యాక్టీరియా తరహావే ఉన్నాయి. కాలక్రమంలో దాని జన్యువుల్లో చాలావరకు కణ కేంద్రకానికి తరలిపోయాయి. రుబిస్కోనే తీసుకోండి: మొక్కల్లో దాని పెద్ద భాగానికి జన్యువు ఇప్పటికీ హరితరేణువులోనే ఉంది, చిన్న భాగానిది కేంద్రకంలో. చిన్న భాగం బయట తయారై, పొరలు దాటి లోపలికొచ్చి, పెద్దదాంతో అతుక్కుంటేనే రుబిస్కో పని మొదలుపెడుతుంది.

ఆ రుబిస్కో ఆక్సిజన్‌ని పొరపాటున పట్టుకోకుండా మొక్కజొన్న, చెరకు లాంటివి ఒక ఉపాయం చేస్తాయి. దాని గురించి వచ్చే వీడియోలో.