పెద్దబడి తేజ, చిన్నబడి తేజ

అందరికీ నమస్కారం. గుంటూరు ఎండలో ఇంత దూరం వచ్చారు కాబట్టి సూటిగా విషయంలోకి వెళ్తాను.

మా నాన్నగారి తరం ఇంగ్లీషు అక్షరాలను పెద్దబడి (క్యాపిటల్), చిన్నబడి (స్మాల్) అని నేర్చుకుంది. మన తెలుగులో ఆ గొడవ లేదు, 'అ' ఎక్కడ రాసినా 'అ'. కంప్యూటర్‌కు మాత్రం పెద్దబడి 'ఏ' అంటే 65, చిన్నబడి 'ఏ' అంటే 97. ఈ రెండింటినీ ఒకటిగా చూడాలా వద్దా అన్నది డేటాబేస్‌లో కొలేషన్, అంటే అక్షరాలను పోల్చే పద్ధతి, తేలుస్తుంది.

నాకిది మిర్చి యార్డు దగ్గర ఒక కమిషన్ కొట్టులో తెలిసొచ్చింది. పాత ప్రోగ్రాం మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ఉండేది. గుమాస్తాలు తేజ రకం మిర్చి పేరును ఇంగ్లీషులో ఒకరు అన్నీ పెద్దబడిలో, ఒకరు చిన్నబడిలో కొట్టేవాళ్లు. మైఎస్‌క్యూఎల్ మామూలుగా ఆ తేడా చూడదు, అందుకని ఎవరికీ తెలియలేదు. నేను డేటాను పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌కు మార్చాను. అది అక్షరం అక్షరం చూస్తుంది. మర్నాడు పొద్దున్నే ఓనరు గారు, "ఏమయ్యా, తేజ టిక్కీలు (మిర్చి బస్తాలు) సగమే చూపిస్తోంది, మిగతావి ఎలకలు తిన్నాయా?" అన్నారు. సరుకంతా గోడౌన్‌లోనే ఉంది. లెక్కలో మాత్రం ఒక్క తేజ రెండు రకాలయింది.

టెన్షన్‌లో డేటాబేస్‌ను అడిగే ప్రతి క్వెరీలోనూ, అక్షరాలన్నిటినీ చిన్నబడిలోకి మార్చే లోయర్ ఫంక్షన్ పెట్టేశాను. లెక్క కుదిరింది కానీ స్క్రీన్ నత్తనడక నడిచింది. ఎందుకంటే ఇండెక్స్, అంటే త్వరగా వెతకడానికి కట్టే సూచిక, ఉన్నది అసలు కాలమ్ మీద, నేను వెతుకుతున్నది లోయర్ చేశాక వచ్చే విలువలో. అలాంటప్పుడు ఆ ఇండెక్స్ పనికిరాదు, టేబుల్ మొత్తం చదవాల్సిందే. లోయర్ చేసిన విలువ మీదే ఇంకో ఇండెక్స్ కట్టాక దారికొచ్చింది. దాన్నే యూనిక్ ఇండెక్స్‌గా కడితే ఒకే పేరు రెండు బడుల్లో రెండుసార్లు ఎక్కదు కూడా. బడి తేడా చూడని సిటెక్స్ట్ అనే టైపు వాడినా సరిపోయేది. నిజం చెప్పాలంటే, రకం పేరును చేత్తో కొట్టనివ్వడమే నా అసలు తప్పు. జాబితాలోంచి ఎంచుకోమని ఉండాల్సింది.

అలాగని అన్నిచోట్లా బడి తేడా చెరిపేయకండి. లాట్ కోడ్‌లో పెద్దబడికీ చిన్నబడికీ వేరే అర్థం ఉంటే మైఎస్‌క్యూఎల్‌లో ఆ కాలమ్‌కు బడి తేడా చూసే 'బిన్' కొలేషన్ ఇవ్వండి. ఇంకో మాట, అదే మైఎస్‌క్యూఎల్‌లో విండోస్ మీద టేబుల్ పేరు ఏ బడిలో రాసినా నడుస్తుంది, లినక్స్ సర్వర్‌లో మామూలుగా నడవదు. లాప్‌టాప్‌లో బాగానే ఉందని ప్రమాణాలు చేసేది అక్కడే.

తెలుగులో బడులు లేవుగా, హాయి అనుకుంటున్నారా? కొన్ని కీబోర్డులు పదం చివరి పొల్లు తర్వాత కంటికి కనపడని గుర్తు ఒకటి చేరుస్తాయి. ఆ గుర్తుతో ఒక "కాన్పూర్", లేకుండా ఒక "కాన్పూర్" తెర మీద అచ్చం ఒకేలా ఉంటాయి. పోస్ట్‌గ్రెస్ వాటిని కలపదు. లోయర్ కూడా ఏమీ చేయలేదు. లాప్‌టాప్‌లు తెరవండి, మొదట ఆ పేరు పొడవు ఎన్ని అక్షరాలో డేటాబేస్‌నే అడుగుదాం.