బడి మానేసిన టీచరు

సార్లకూ మేడమ్‌లకూ నమస్కారం.

పిల్లవాడు బడి మానేస్తే ఇంటికి మనిషిని పంపుతారు. తల్లిదండ్రులను బతిమాలతారు. తిరిగి చేర్పించడానికి ప్రభుత్వాలు పథకాలు పెడతాయి. టీచరు బడి మానేస్తే మాత్రం సోమవారం పొద్దుటికల్లా ఆ పీరియడ్లు ఇంకెవరికో వేసేస్తారు. పదమూడేళ్లు లెక్కలు చెప్పి నేను మానేసినప్పుడు నా టైంటేబుల్‌ను మూడు ముక్కలు చేసి ముగ్గురికి పంచారు. ఆ ముగ్గురిలో ఒకరు తెలుగు పండితులు.

నేనిప్పుడు హైదరాబాద్‌లో పిల్లల పుస్తకాలకు, పరీక్షలకు ప్రశ్నలు తయారుచేసే పనిలో ఉన్నాను. మిమ్మల్ని మానేయమని చెప్పడానికి ఇక్కడికి రాలేదు, ఆగిపొమ్మని చెప్పడానికీ రాలేదు. 2021 ఏప్రిల్‌లో బడులు మూతపడి ఉన్నప్పుడు తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ప్రకటించింది. అవి అక్కరకొచ్చిన ఇళ్లు మనలోనే ఉన్నాయి. కూరగాయల బండి పెట్టుకున్నవాళ్లూ, ఉపాధి హామీ పనికి వెళ్లినవాళ్లూ మనవాళ్లే. బయటికి వెళ్తే ఎలా బతుకుతామన్న భయం నాకు కొత్త కాదు.

ముందుగా ఒక్క సంగతి తేల్చుకోండి. మీకు విసుగు పుట్టింది దేని మీద? వేసవి ఎండలో గడపగడపకూ తిరిగి అడ్మిషన్లు తెమ్మన్నందుకైతే, ఆ టార్గెట్ లేని బడి వెతుక్కోవడమే సగం మందు. గొంతు పోయి, రోజుకు ఏడు పీరియడ్లు నిలబడి కాళ్లు వాచిపోతుంటే సంగతి వేరు. పిల్లల్ని చూస్తేనే చిరాకు వస్తోందంటే అది మరీ వేరు. నాకు పిల్లల మీద చిరాకు రాలేదు. పేపర్లు దిద్దడం ఇష్టంగా ఉండేది, మిగతాదంతా కష్టంగా ఉండేది. ఈ మాట చెబితే స్టాఫ్ రూములో నవ్వేవారు. దిద్దడం ఇష్టపడే టీచరు ఎక్కడైనా ఉంటుందా?

అలా దిద్దుతూ దిద్దుతూ ఒక పొడవాటి నోటుపుస్తకం పెట్టుకున్నాను. పేజీ పైన పాఠం పేరు, కింద ఆ పాఠంలో పిల్లలు చేసిన తప్పులు, పక్కన ఆ తప్పు ఎలా పుట్టిందన్నది. గొప్ప ఉద్దేశంతో మొదలుపెట్టింది కాదు. నిద్ర రాకుండా ఉండటానికి.

మొదటి ఇంటర్వ్యూలో నన్ను ఏం చేసేవారని అడిగారు. లెక్కలు చెప్పేదాన్ని అన్నాను. "అది సరే, ఏమేం తయారుచేశారు?" అన్నారు. నోరు పెగల్లేదు. ఏటా ఎన్ని ప్రశ్నపత్రాలు తయారుచేశాను, వెనకబడిన పిల్లలకు విడిగా ఎన్ని కాగితాలు రాసిచ్చాను, కొత్తగా చేరిన టీచర్లకు ఎంతమందికి పాఠం ఎలా చెప్పాలో చూపించాను! అవేవీ పనులుగా లెక్కపెట్టుకోలేదు. చెప్పడం ఒక్కటే పని అనుకున్నాను. ఆ ఉద్యోగం రాలేదు.

రెండో ఇంటర్వ్యూకు ఆ నోటుపుస్తకం పట్టుకెళ్లాను. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోమనే ప్రశ్న తీసుకోండి. 1/2 + 1/3 ఎంత? 5/6 సరైన జవాబు. మిగతా మూడూ ఎక్కడి నుంచి తేవాలి? తరగతి ముఖం చూడనివాళ్లు 7/9 లాంటి అంకె ఏదో గాలిలోంచి పట్టుకొచ్చి పెడతారు. దాన్ని ఏ పిల్లవాడూ ఎంచుకోడు, ఆ జవాబు అక్కడ ఉండి దండగ. నా పుస్తకంలో 2/5 ఉంది, పైవీ పైవీ, కిందివీ కిందివీ కూడేసినవాళ్లది. 2/6 ఉంది, కింద ఆరు సరిగ్గా వేసి పైన మార్చడం మరిచినవాళ్లది. 1/6 ఉంది, కూడమంటే గుణించినవాళ్లది. పిల్లవాడు ఏ జవాబు మీద గీత పెట్టాడో చూస్తే వాడికి ఎక్కడ తెగిపోయిందో తెలుస్తుంది. 0.35, 0.5లలో ఏది పెద్దదంటే 0.35 అని రాసేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు, ఎందుకంటే అయిదు కంటే ముప్పై అయిదు పెద్దది కదా! ప్రశ్న తయారుచేసే చోట ఇదే సరుకు. ఇది కంప్యూటర్ ముందు కూర్చుంటే పుట్టదు, నలభై మంది పిల్లల మధ్య నిలబడితేనే పుడుతుంది.

మీ దగ్గరా ఉంటుంది. సైన్సు సారుకు బరువైన రాయే ముందు నేల మీద పడుతుందని పట్టుబట్టే పిల్లలు తెలుసు. తెలుగు మేడమ్‌కు ఏ ఒత్తు దగ్గర తరగతిలో సగం మంది తడబడతారో తెలుసు. దరఖాస్తులో "పదేళ్ల బోధనానుభవం" అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. మీరు తయారుచేసినవి రాయండి, రెండు మూడు నమూనాలు జత చేయండి. బడి పేరు, పిల్లల పేర్లు తీసేయడం మరిచిపోవద్దు.

ఇక దారుల సంగతి. పాఠాలను కంప్యూటర్‌కు తగ్గట్టు మలిచే పనిని ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ అంటారు, హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో ఉంటుంది. ఇంగ్లిష్‌లో రాయగలగాలి. పిల్లల పుస్తకాల ప్రచురణలో అనువాదం, సంపాదకత్వం ఉన్నాయి. హైదరాబాద్‌లో 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ ఉంది, ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు వస్తున్నాయి. డబ్బు తక్కువ, పని మంచిది.

పల్లె బడులతో పనిచేసే సంస్థలు మరో దారి. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీలో ఒకే గదిలో నాలుగైదు తరగతులను ఒక్క టీచరు నడిపే బడుల కోసం పాఠాలను చిన్న చిన్న కార్డులుగా, మెట్లుమెట్లుగా విడగొట్టారు. పిల్లవాడు తన మెట్టు నుంచి తను ఎక్కుతాడు. ఆ పద్ధతి ఇతర రాష్ట్రాల ప్రభుత్వ బడులకూ వెళ్లింది. పాఠం చెప్పడం తెలిసినవాళ్లు పాఠాన్ని విప్పి చూస్తే ఏమవుతుందో చూడాలంటే అక్కడ చూడాలి. ఇలాంటి ఉద్యోగాల్లో తిరుగుడు ఎక్కువని మాత్రం గుర్తుంచుకోండి.

పిల్లల్ని వదలలేను, నలభై మందిని ఒకేసారి మాత్రం భరించలేను అనేవాళ్లు ప్రత్యేక అవసరాల పిల్లలకు బోధించే వైపు చూడండి. 2021లో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో అలాంటి పిల్లలు పదిమందికి ఒకరు, పైస్థాయిలో పదిహేనుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలంది. మామూలు బీఎడ్ సరిపోదు. ఈ చదువులను చూసే కేంద్ర సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన కోర్సు చేసి, అక్కడ నమోదు కావాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థలో కనుక్కోండి. నెల రోజుల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకునే ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి.

సొంత ట్యూషన్ అందరికీ మొదట తట్టేదే. చిన్నగా నడిపితే బాగుంటుంది. కోచింగ్ సెంటర్‌గా పెంచాలనుకుంటే, పదహారేళ్లు నిండని పిల్లలను చేర్చుకోవద్దన్న కేంద్రం మార్గదర్శకాలు 2024 జనవరిలో వచ్చాయి, చదవండి. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ లెక్కలూ మొదలవుతాయి.

ఆన్‌లైన్‌లో చదువు అమ్మే ఎడ్‌టెక్ కంపెనీల ప్రకటనల్లో "అకడమిక్ కౌన్సెలర్" అని కనిపిస్తుంది. లోపల ఎక్కడో టార్గెట్ అన్న మాట ఉంటే అది అమ్మకాల ఉద్యోగమే. గడపగడపకూ తిరగడం తప్పించుకుని వచ్చి, ఫోనులో అదే పని చేస్తారు. కరోనా కాలంలో ఆకాశానికెగసిన ఒక పెద్ద కంపెనీ 2024లో దివాలా ప్రక్రియ దాకా వెళ్లింది.

డీఎస్సీ వచ్చేదాకా ఆగుతానన్నవాళ్లకు రెండు లెక్కలు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత నియామకాల దాకా వెళ్లిన నోటిఫికేషన్ 2025లో వచ్చింది, 16,347 పోస్టులతో. తెలంగాణలో 2017 తర్వాత 2024లో, 11,062 పోస్టులతో. రాయండి, తప్పక రాయండి. కానీ ఏడేళ్లు చేతులు కట్టుకుని కూర్చోవద్దు.

మానేసే ముందు మీ కాగితాలు మీ చేతికి రావాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యం దగ్గర పెట్టుకుని తిప్పించుకోవడం మన దగ్గర చాలామందికి అనుభవమే. నాకు నా డిగ్రీ మెమో కోసం నాలుగు నెలలు పట్టింది. రాజీనామా ఇవ్వకముందే బ్యాంకు పనికో, ఇంకో కోర్సుకో అని అడిగి తెచ్చుకుంటే మంచిది. ఇది నేను నేర్పించే చిన్న దొంగతనం, క్షమించాలి.

తర్వాత గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం మానేటప్పుడు సర్వీసును బట్టి యాజమాన్యం ఇవ్వాల్సిన డబ్బు. టీచర్లకు అది వర్తించదని మా బడిలో గట్టిగా చెప్పారు. 2004లో సుప్రీంకోర్టు ఆ మాట అన్నది నిజమే. 2009లో చట్టం సవరించారు, 1997 ఏప్రిల్ 3 నుంచి లెక్కలోకి వచ్చేలా. ప్రైవేటు బడులు దాని మీద కోర్టుకెక్కితే 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు సవరణ చెల్లుతుందని తేల్చింది. వరుసగా ఐదేళ్లు పనిచేసినవాళ్లకు చివరి నెల మూలవేతనం, కరువు భత్యం కలిపి 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణించాలి. 26,000 మీద ఎనిమిదేళ్లకు 1,20,000. లెక్కల టీచరును కదా, చెప్పకుండా ఉండలేను.

పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి ప్రతి నెలా జమ అయిందో లేదో చూసుకోండి. పదేళ్ల సర్వీసు ఉంటేనే 58 ఏళ్లకు పెన్షన్. ఎనిమిదో ఏట డబ్బు మొత్తం తీసేసుకుని స్కూటీ కొన్నవాళ్లు నాకు తెలుసు. కొత్త ఉద్యోగానికి మార్పించుకుంటే ఆ ఏళ్లు కలిసివస్తాయి.

నా మొదటి ఏడాది జీతం బడి జీతం కంటే పెద్దగా ఎక్కువేమీ కాదు. ఆదివారం మాత్రం ఆదివారంలా ఉంది.

ఆ తప్పుల పుస్తకం తెచ్చాను. మొదటి వరుసకు ఇస్తున్నాను, ఒకరి తర్వాత ఒకరు చూడండి. చివరి పేజీల్లో ఖాళీ ఉంది, అది అలాగే ఉండిపోయింది. నేను ఇప్పుడు రాసే ప్రశ్నలన్నీ ఆ పాత పేజీల్లోంచి వచ్చేవే. కొత్తవి రాద్దామంటే నాకు తరగతి లేదు. అట్ట ఊడిపోయింది, కాస్త జాగ్రత్తగా తిప్పండి.