ఫ్యూజు పీకి చూస్తేనే తెలిసేది

అందరికీ నమస్కారమండి. గుంటూరు ఎండలో పడి పాషాణం గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే ముందు మీకే దణ్ణం పెట్టాలి.

పాషాణం అంటే ఆర్సెనిక్కే. బెంగాల్లో, బంగ్లాదేశ్‌లో లక్షలమంది తాగే బోరు నీళ్ళలో ఉంది, డబ్ల్యూహెచ్ఓ లెక్కలో లీటరుకి 10 మైక్రోగ్రాములు దాటకూడదు. అక్కడ ఎవరో తెచ్చి కలిపింది కాదు, హిమాలయాల్నించి కొట్టుకొచ్చిన మట్టిలో ఇనుము తుప్పుకి అంటుకునుంది. మట్టికి గాలాడకపోతే కొన్ని బ్యాక్టీరియాలు మనం ఆక్సిజన్ వాడినట్టు ఆ ఇనుముని, పాషాణంలో ఒక రూపమైన ఆర్సెనేట్‌ని ఊపిరికి వాడేసుకుంటాయి, అప్పుడా ఆర్సెనేట్ కాస్తా ఆర్సెనైట్ అనే ఇంకో రూపం అయ్యి నీళ్ళలోకి దిగుతుంది. దమ్ము చేసి నీళ్ళు నిలగట్టిన మన వరిమడిలోనూ మట్టికి గాలాడదు కదా, అలాంటి పరిస్థితన్నమాట (మన మళ్ళల్లో విషం ఉందనట్లేదు, కంగారుపడొద్దు).

చిక్కల్లా ఏంటంటే ఆర్సెనేట్‌ని ఆర్సెనైట్ చేసే జీన్లు రెండు రకాలు. ఆర్స్-సి ఉందనుకోండి, ఆర్సెనేట్ అచ్చం కణానికి కావాల్సిన ఫాస్ఫేట్‌లా ఉంటుంది కాబట్టి కణం మోసపోయి లోపలికి రానిస్తుంది, వచ్చాక దాన్ని మార్చి బయటికి గెంటడానికి ఈ జీను. ఆర్-ఏ అలా కాదు, అది ఊపిరికి. సీసాలో చూస్తే రెండిటి పనీ ఒకేలా కనపడుతుంది, మరి ఎవరు చేశారో తేల్చేదెట్లా?

పాత ఇళ్ళల్లో ఏ ఫ్యూజు ఏ గదిదో తెలీకపోతే ఒక్కోటీ పీకి చూస్తాం కదా, 2003లో అమెరికాలో సాల్టికోవ్, న్యూమన్ అనే శాస్త్రవేత్తలు చేసిందదే. వుడ్స్ హోల్ అనే ఊరి దగ్గర నీళ్ళలో పుచ్చిపోకుండా ఆర్సెనిక్ పట్టించిన రేవు దుంగ మీద దొరికిన షెవనెల్లా ఏఎన్ఏ-3 అనే బ్యాక్టీరియా మీద చేశారది. ఆర్-ఏ తీసేస్తే ఆర్సెనేట్ మీద ఊపిరి ఆగిపోయింది. ఆర్స్ వైపు పీకితే విషం తట్టుకోడం తగ్గిందిగానీ ఊపిరి ఆగలేదు. నాకైతే ఈ సబ్జెక్టులో ఇంతకన్నా ముచ్చటైన ప్రయోగం లేదు.

అయితే బయట మట్టిలో ఉన్నవాటిలో చాలావరకు ల్యాబులో పెరగవు, పెరగనిదాని ఫ్యూజు ఎక్కడ పీకుతాం? అందుకే మట్టిలోంచి డీఎన్ఏ లాగి, డీఎన్ఏ ముక్కని బోలెడు కాపీలు చేసే పీసీఆర్‌తో ఆర్-ఏ ఉందా అని వెతుకుతారు. కాకపోతే డీఎన్ఏలో జీన్ ఉందంటే ఇంట్లో ఫ్యాన్ ఉన్నట్టే, తిరుగుతుందో లేదో, జీన్ పనిచేసేటప్పుడు దాన్నించి తయారయ్యే నకలు, ఆర్ఎన్ఏ చెప్పాలి. ఆ ఆర్ఎన్ఏ ఏమో నిమిషాల్లో చెడిపోతుంది, మట్టి తీసిన గట్టు మీదే గడ్డకట్టించాలి. కృష్ణ ఒడ్డున ఈ ఎండలో అది మనవల్ల కాదుగానీ, రేపు ప్రాక్టికల్స్‌లో డీఎన్ఏ వరకు చేద్దాం, డబ్బాలు మాత్రం మీరే తెచ్చుకోండి.